నాలుగు కార్డుల మీద 5,69,000 బాకీ: నెలనెలా కడుతున్నా అసలు తరగడం లేదు, దారి చెప్పండి

పల్నాటి ఉద్యోగి, కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. ఇంట్లో చెప్పుకోలేక, లోపల దాచుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మాది నరసరావుపేట దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, చేతికి వచ్చే జీతం నెలకు 58,000 రూపాయలు. భార్య, రెండో తరగతి చదువుతున్న పాప, ఊళ్లో అమ్మానాన్నలు ఉన్నారు. 2023లో నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు చేతిలో ఉన్నదంతా అయిపోగా, మరో 1,60,000 రూపాయలు కార్డు మీద కట్టాను. రెండు మూడు నెలల్లో తీర్చేద్దామనుకున్నాను. ఆ మరుసటి ఏడు మా విభాగాన్ని మూసివేయడంతో నాలుగు నెలలు జీతం లేకుండా గడిచింది. ఆ నాలుగు నెలలూ అద్దె మొదలుకొని పాప ఫీజు, నాన్నగారి మందుల వరకు అన్నీ కార్డుల మీదనే నడిచాయి.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. మొదటి కార్డు మీద 2,40,000 బాకీ, నెలకు 3.6 శాతం వడ్డీ. రెండో కార్డు మీద 1,85,000, 3.75 శాతం. మూడో దాని మీద 96,000, 3.5 శాతం. నాలుగో దాని మీద 48,000, 3.75 శాతం. నాలుగింటికీ కలిపి నెలకు కట్టవలసిన కనీస మొత్తం 28,450 రూపాయలు. అద్దె 13,000, పాప ఫీజు సగటున 4,000, ఊరికి పంపేది 5,000, తొమ్మిది నెలలుగా కడుతున్న లక్ష రూపాయల చీటీకి 5,000 పోగా ఇంటి ఖర్చుకు మిగిలేది రెండున్నర వేలు మాత్రమే. అందువల్ల కిరాణా, పెట్రోలు మళ్లీ కార్డు మీదనే కొంటున్నాను. గత ఏడాదిగా రొటేషన్ కూడా చేశాను. మా వీధి చివర ఒక మొబైల్ దుకాణంలో ఒక కార్డు గీకించి, వాళ్లు 2.5 శాతం కమీషన్ పట్టుకుని ఇచ్చిన నగదుతో మిగిలిన కార్డుల కనీస మొత్తాలు కట్టేవాడిని. ఇప్పుడు నాలుగింటిలోనూ లిమిట్ అయిపోయింది. మొన్న ఆదివారం కిరాణా కొట్టులో 1,840 రూపాయల బిల్లుకు కార్డు ఇస్తే చెల్లలేదు. పక్కన నిలబడిన పాప బుట్టలోంచి తన బిస్కెట్ల పొట్లం తీసి, ఏమీ అడగకుండా మళ్లీ అరలో పెట్టేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంతవరకు ఒక్క వాయిదా కూడా తప్పలేదు. వచ్చే నెల తప్పుతుంది. ఒక స్నేహితుడు కట్టడం మానేయమని, మూడు నెలలు పోతే బ్యాంకువాళ్లే సగానికి సెటిల్‌మెంట్ చేస్తారని అంటున్నాడు. మా బంధువు ఒకాయన ఐపీ, అంటే దివాలా పిటిషను, పెట్టేయమంటున్నాడు. నాన్నగారు తన కష్టార్జితంతో కొన్న ఎకరంన్నర పొలం ఉంది, దాని మీదికి వస్తారేమోనని భయంగా ఉంది. ఇంత వడ్డీ తీసుకోవడం చట్టప్రకారం చెల్లుతుందా? కట్టలేకపోతే జైలుకు పంపుతారా? అన్నిటికన్నా ముఖ్యంగా, నా భార్యకు ఈ విషయం ఏమీ తెలియదు. ఆమెకు చెప్పకుండానే దీన్ని తీర్చే మార్గం ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.


విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

పల్నాటి ఉద్యోగి గారికి. ఒక్క వాయిదా కూడా తప్పలేదన్నారు. మీకు ఇంకా దారులు తెరిచి ఉన్నాయంటే అందుకు అదే కారణం. ఆ స్నేహితుడి సలహా పాటిస్తే ముందుగా మూసుకుపోయేవి ఆ దారులే. కాబట్టి వచ్చే నెల గడువు లోపలే కదలాలి.

మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే గుండె మీద చెయ్యి వేసుకుంటారు, మూడు రూపాయలంటే ఆ గడప తొక్కరు. మీ రెండో కార్డు 3.75 శాతం అంటే నూటికి నెలకు మూడుముప్పావు రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు నాలుగు రూపాయల నలభై పైసలు. పైగా కట్టకుండా మిగిలిన వడ్డీ బాకీలో కలిసిపోయి దాని మీద మళ్లీ వడ్డీ నడుస్తుంది. మీరు ఇచ్చిన అంకెలతో నాలుగు కార్డులకూ లెక్క వేశాను. నెలకు వడ్డీ సుమారు 20,740, దాని మీద జీఎస్టీ 3,730, మొత్తం 24,470 రూపాయలు. మీరు కడుతున్న 28,450లో అసలుకు జమ అవుతున్నది నాలుగు వేలు కూడా లేదు. అదే నెలలో కిరాణాకు, పెట్రోలుకు కార్డు గీకితే ఆ నాలుగు వేలు తిరిగి అక్కడికే చేరతాయి. అసలు తరగకపోవడానికి కారణం ఇంతే. మీ స్టేట్‌మెంటు తీసి చూడండి. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే బాకీ నెలలు, సంవత్సరాల తరబడి సాగుతుందన్న హెచ్చరిక అందులో ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం అది తప్పనిసరి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ వాక్యం చదివానని చెప్పిన ఖాతాదారుడు నాకు ఒక్కరూ తగలలేదు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

మరొక సంగతి చాలామందికి తెలియదు. కార్డు మీద కొన్నదానికి నలభై, యాభై రోజులు వడ్డీ ఉండదంటారు కదా, ఆ వెసులుబాటు అంతకుముందు బిల్లు పూర్తిగా కట్టినవారికే వర్తిస్తుంది. పాత బాకీ ఉన్న కార్డు మీద ఈ రోజు పాల పాకెట్టు కొన్నా ఈ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచి నాలుగు కార్డుల మీదా ఒక్క రూపాయి కూడా వాడకండి. ఫోనులోని యాప్‌లలో, ఆన్‌లైన్ దుకాణాలలో భద్రపరచిన కార్డు వివరాలు తొలగించండి, బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకాన్ని ఆపివేయండి. రొటేషన్ దుకాణం వైపు వెళ్లనే వద్దు. కమీషన్ పోవడం ఒక్కటే కాదు, జరగని అమ్మకాన్ని జరిగినట్టు చూపించి నగదు తీసుకోవడం అది. బ్యాంకు గుర్తిస్తే కార్డును స్తంభింపజేస్తుంది, అప్పుడు వాయిదాల సదుపాయం అడిగే అవకాశమూ ఉండదు.

ఇక తీర్చే మార్గం. నూటికి నాలుగున్నర రూపాయల దాకా ఉన్న అప్పును రూపాయి లోపు వడ్డీకి ఒక్కసారిగా మార్చుకోవాలి. మన ఇళ్లలో అందుకు ఉన్న సాధనం బంగారం. ప్రభుత్వ రంగ బ్యాంకులలో బంగారం తాకట్టు మీద ఏడాదికి 9, 10 శాతం దరిదాపుల్లో అప్పు దొరుకుతుంది, విలువలో నాలుగింట మూడు వంతుల దాకా సాధారణంగా ఇస్తారు. మూడు లక్షలు తీసుకుంటే నెలకు వడ్డీ 2,500. అవే మూడు లక్షలకు మీరిప్పుడు కార్డులకు కడుతున్నది 13,000. ఆ డబ్బుతో ముందు ఎక్కువ వడ్డీ ఉన్న రెండో కార్డునూ నాలుగో కార్డునూ, అంటే 2,33,000 పూర్తిగా తీర్చేయండి. మిగిలిన 67,000 మూడో కార్డుకు కట్టండి, అక్కడ 29,000 ఉంటుంది. మొదటి కార్డు 2,40,000కు ఆ బ్యాంకుకే ఫోను చేసి బాకీ మొత్తాన్ని నెలవారీ వాయిదాలుగా మార్చమని అడగండి. వాయిదాలు తప్పని ఖాతాకు ఈ సదుపాయం ఇవ్వడానికి వాళ్లు ఎక్కువగా మొగ్గు చూపుతారు. ఏడాదికి 18 శాతం చొప్పున 36 నెలలకు వేస్తే నెలకు 8,680 రూపాయలు, వడ్డీ మీద జీఎస్టీ వేరు. మొదటి నెల అది 648 రూపాయలు, తరువాత తగ్గుతూ పోతుంది. ప్రాసెసింగ్ రుసుము ఎంతో ముందే అడగండి, ముందుగా తీర్చేస్తే అపరాధ రుసుము ఉందా అని కూడా అడగండి.

కార్డులు ఇక వాడరు గనుక కిరాణా కూడా జీతంలోంచే పోవాలి. అందువల్ల అప్పులకు నెలకు 28,000 కాక 22,000 మాత్రమే పెట్టగలరనుకుందాం. వాయిదాకు, జీఎస్టీకి కలిపి 9,300, బంగారం వడ్డీకి 2,500 పోగా 10,200 మిగులుతుంది. దానితో మూడో కార్డు నాలుగో నెలలో తీరిపోతుంది. ఆ తరువాత అదే 10,200 నెలనెలా బంగారం అప్పు అసలుకు జమ చేస్తూ పోతే ఇప్పటి నుంచి రెండున్నర ఏళ్లకు నగలు ఇంటికి వస్తాయి, మరో ఆరు నెలలకు కార్డు వాయిదాలు కూడా ముగుస్తాయి. బంగారం అప్పు సాధారణంగా ఏడాది గడువుతో ఉంటుంది. గడువుకు వడ్డీ పూర్తిగా కట్టి తిరగరాయించుకోవడం మరచిపోవద్దు. నగలు వేలానికి వెళ్లేది ఎక్కువగా ఈ మరుపు వల్లనే.


అక్కయ్య, హనుమకొండ

తమ్ముడూ, పెద్దాయన లెక్క చక్కగా చెప్పారు. నేను లెక్క కన్నా ముందు జరగవలసిన దాని గురించి రాస్తాను, ఎందుకంటే మీ భార్య ఉన్న చోట ఆరేళ్ల కిందట నేను ఉన్నాను.

మా ఆయన కార్డుల అప్పు 4 లక్షలు దాటిందన్న సంగతి నాకు వసూలు ఏజెంటు ద్వారా తెలిసింది. మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి, ఎదురింటి వాళ్లు వింటుండగా, ఆయన పేరు పెట్టి అడిగాడు. అప్పు చేసినందుకు నాకు అంత కోపం రాలేదు, అది నా కాన్పు ఖర్చుతో మొదలైన అప్పేనని తరువాత తెలిసింది. నాకు చెప్పకుండా రెండేళ్లు ఒక్కరే మోసినందుకు వచ్చిన బాధ మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాబట్టి భార్యకు తెలియకుండా తీర్చే మార్గం ఉందా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం లేదనే. బంగారం ఆమెది. ఆమెకు చెప్పకుండా బీరువాలోంచి తీస్తే ఈ అప్పు తీరినా అంతకన్నా పెద్ద చిక్కులో పడతారు. ఫోనులో చెప్పవద్దు, పాప ముందు చెప్పవద్దు. నాలుగు కార్డుల స్టేట్‌మెంట్లూ కాగితం మీద తీయించి, పక్కన పెట్టుకుని కూర్చుని చెప్పండి. సగం దాచి సగం చెబితే మిగిలిన సగం బయటపడిన రోజున మొదటి సగం కూడా అబద్ధమే అవుతుంది.

బంగారం విషయంలో ఒకటి రెండు మాటలు. నేను వెళ్లిన రోజున బ్యాంకులో కంసాలి ఒక్కొక్క గాజును గీటురాయి మీద గీసి, ఆ గీత మీద చుక్క వేసి చూశాడు. నక్లెసులో పొదిగిన రాళ్ల బరువు, మైనం బరువు తీసేసి రాసుకున్నాడు. ఇంట్లో నేను అనుకున్న తూకానికి అక్కడ ఒకటిన్నర తులం తక్కువ పడింది. రాళ్ల నగలు ఇంట్లో ఉంచి గాజులు, గొలుసులు తీసుకెళ్లండి, అదే బరువుకు ఎక్కువ అప్పు వస్తుంది. పుస్తెలతాడు జోలికి పోవద్దు. ఏ వస్తువు ఎంత బరువని రాసిన చీటీ తప్పక తీసుకోండి, ముందుగా ఇంట్లోనే ఫోటోలు తీసి ఉంచుకోండి.

పెద్దాయన మీ చీటీ సంగతి వదిలేశారు. తొమ్మిది నెలలు కట్టారు, ఇంకా పాడలేదు. అది రిజిస్టరయిన చీటీయే అయితే వచ్చే నెల పాటలో పాడండి. 18,000 తోసేసి పాడినా 82,000 చేతికి వస్తుంది. ఊరికే 18,000 పోతుందని మనసు పీకుతుంది, నాకూ పీకింది. కానీ 82,000కు మీ కార్డు వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకు 3,400 దాటుతుంది. చీటీ ఆఖరు దాకా ఆగితే పదకొండు నెలలలో పోయేది అంతకు రెట్టింపు. పాడిన డబ్బు మూడో కార్డుకు కట్టేస్తే బంగారం మీద మూడు లక్షల అవసరం లేదు, రెండు లక్షల నలభై, యాభై వేలతో సరిపోతుంది. అయితే జామీనుదారులు కావాలంటారు, ఇప్పటి నుంచే అడిగి పెట్టుకోండి. పాడిన తరువాత నెలనెలా కట్టే 5,000 మాత్రం ఏ పరిస్థితిలోనూ ఆపవద్దు. ఈ అప్పు తీర్చడానికని కొత్త చీటీ వేయవద్దు.

మీ లెక్క ప్రకారం ముగ్గురికి ఇంటి ఖర్చుకు 9,000 మిగులుతుంది. హైదరాబాదులో అది చాలా కష్టం, నేను తేలిక అని చెప్పను. మేము ఏడాదిన్నర పాటు పెళ్లిళ్లకు బట్టలు పెట్టడం మానేశాం, పండక్కి ఊరు వెళ్లడం మానలేదు. ఏది మానుకోవాలో, ఏది మానుకోకూడదో మీ ఆవిడే మీకన్నా బాగా చెప్పగలదు. నోటుపుస్తకం ఆమె చేతికి ఇవ్వండి.


న్యాయవాది, విజయవాడ

మీరు అడిగిన చట్టం ప్రశ్నలకే పరిమితమై రాస్తున్నాను.

వడ్డీ గురించి ముందు. ఏడాదికి 30 శాతం మించి కార్డు వడ్డీ వసూలు చేయడం అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. అందువల్ల వడ్డీ ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ఈ రోజు మీరు కట్టనని చెప్పడానికి వీలులేదు. ఆ తీర్పును నమ్ముకుని కట్టడం మానేసినవారు కొందరు నా దగ్గరకే వచ్చారు, వారికి నేను చేయగలిగింది తక్కువ.

కార్డు బాకీ కట్టలేకపోవడం దానంతట అది నేరం కాదు, అది సివిలు వ్యవహారం, దానికి జైలు లేదు. అయితే ఒక జాగ్రత్త ఉంది. వసూలుకు వచ్చినవారి ఒత్తిడికి లొంగి ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు రాసి ఇస్తే, అది చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కిందికి వస్తారు. నోటీసు అందిన 15 రోజులలో ఆ మొత్తం కట్టకపోతే కేసు వేయవచ్చు, అందులో రెండేళ్ల దాకా శిక్షకు అవకాశం ఉంది. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా వాయిదా కోసుకునే ఏర్పాటు విఫలమైనా 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షను దాదాపు అదే పని చేస్తుంది. కాబట్టి మీరు ఒప్పుకునే వాయిదా తేదీ జీతం పడిన మరుసటి రోజున ఉండేలా చూసుకోండి. ఎవరికీ ఖాళీ చెక్కు ఇవ్వవద్దు.

పొలం మీ నాన్నగారి స్వార్జితం, ఆయన పేరునే ఉంది, మీ కార్డులకు ఆయన జామీను లేరు. కాబట్టి మీ బాకీ కోసం దాని మీదికి ఎవరూ రాలేరు. బ్యాంకు దావా వేసి డిక్రీ తెచ్చుకుంటే మీ జీతంలో కొంత భాగాన్ని జప్తు చేయించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. మీ భవిష్య నిధిని కూడా అప్పులవాళ్లు తాకలేరు. ఈ మాటలు ధైర్యం కోసం చెబుతున్నాను గాని, ఆ దశ దాకా వెళ్లమని కాదు. కోర్టు నుంచి గాని, మధ్యవర్తిత్వం పేరుతో గాని నోటీసు వస్తే తెరవకుండా పక్కన పడేయవద్దు. మన వాళ్లు భయంతో చేసే పెద్ద తప్పు అదే. మీరు హాజరు కాకపోతే వాళ్లు చెప్పిన అంకే ఖాయమవుతుంది.

సెటిల్‌మెంట్ గురించి మీ స్నేహితుడు చెప్పింది సగమే నిజం. మూడు నెలలు ఎగవేస్తే కొన్ని బ్యాంకులు తగ్గించి మాట్లాడతాయి, కాని ఎంత తగ్గిస్తారో, అసలు తగ్గిస్తారో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈలోగా వడ్డీ, ఆలస్య రుసుములు పెరుగుతాయి, రుణ చరిత్ర నివేదికలో ఎగవేత నమోదవుతుంది. రాజీ కుదిరినా ఆ ఖాతా 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని కనబడుతుంది, రేపు ఇంటి అప్పుకు వెళితే ముందుగా అడిగేది దాని గురించే. రాజీ చేసుకున్న సంస్థ నుంచి కనీసం 12 నెలల పాటు కొత్త అప్పు రాదు, 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఆ నిబంధన పెట్టింది. ఉద్యోగం లేనివారికి, తాకట్టుకు ఏమీ లేనివారికి సెటిల్‌మెంట్ తప్పనిసరి కావచ్చు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. జీతం, బంగారం, చీటీ ఉన్న మీకు అది నేను సూచించను. ఎప్పుడైనా ఎవరైనా ఆ దారిలో వెళ్లవలసి వస్తే, ఖాతా సంఖ్య, ఒప్పుకున్న మొత్తం, గడువు తేదీ ఉన్న ఉత్తరం బ్యాంకు నుంచి చేతికి వచ్చాకే కట్టాలి. కార్డు ఖాతాకే కట్టాలి, ఏజెంటు సొంత యూపీఐకి ఒక్క రూపాయి కూడా పంపకూడదు. మీ తరఫున మాట్లాడతామని, అప్పటిదాకా బ్యాంకుకు కట్టవద్దని చెప్పి నెలనెలా రుసుము వసూలు చేసే సంస్థలకు దూరంగా ఉండండి. దావా దాకా వెళ్లినా లోక్ అదాలత్‌లో రాజీకి అవకాశం ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయవచ్చు.

ఐపీ అన్నది మన జిల్లాలలో బెదిరింపు మాటగా వాడుకలోకి వచ్చింది గాని, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టు ముందు మీ ఆస్తి, అప్పు మొత్తం చూపించి, మీ పేరున ఉన్నదంతా కోర్టు అధీనంలో పెట్టే ప్రక్రియ అది. 5,69,000 అప్పుకు, నెలజీతం ఉన్న మనిషికి ఆ ఆలోచనే అనవసరం.

హనుమకొండ అక్కయ్య గారికి జరిగినది నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, బంధువులను, సహోద్యోగులను వేధించకూడదు. అలా జరిగితే తేదీ, సమయం, ఫోను నంబరుతో బ్యాంకు ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448.


పల్నాటి ఉద్యోగి, కూకట్‌పల్లి

ఐదు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. అక్కయ్య గారు చెప్పినట్టే నాలుగు స్టేట్‌మెంట్లు ముద్రించి తెచ్చి, పాప నిద్రపోయాక చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఒక్కొక్క కాగితం తిప్పి చూసి, మొబైల్ దుకాణం పేరు ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిలుతో సున్నాలు చుట్టింది. పదకొండుసార్లు వచ్చింది. తరువాత అడిగిన మొదటి ప్రశ్న, మామయ్య మందులకు డబ్బు ఆగిపోలేదు కదా అని. నేను ఆ ప్రశ్నకు సిద్ధపడి లేను.

చీటీ 17,500కు పాడాం, 82,500 వచ్చింది. ఆమె అన్నగారూ నా సహోద్యోగీ జామీను నిలబడ్డారు. గాజులు, రెండు పేటల గొలుసు పెట్టి 2,50,000 తీసుకున్నాం. రెండో కార్డు, నాలుగో కార్డు పూర్తిగా కట్టేశాను, మూడో దానిలో ఇక ఐదు వేల లోపే ఉంది, ఈ నెల జీతంతో పోతుంది. మొదటి కార్డు బ్యాంకువాళ్లు ముందు 24 నెలలే ఇస్తామన్నారు. వాయిదా 11,980 అవుతుంది, అంత కట్టలేనని జీతం, అద్దె వివరాలు చెప్పాను. రెండు రోజుల తరువాత వాళ్లే ఫోను చేసి 18 శాతానికి 36 నెలలు ఇచ్చారు.

ఒక అనుమానం మిగిలింది. రెండో కార్డుకు స్టేట్‌మెంటులో ఉన్న 1,85,000 పూర్తిగా కట్టాను, ఆ తరువాత ఏమీ కొనలేదు. అయినా ఈ నెల మళ్లీ 2,422 రూపాయల బిల్లు వచ్చింది. పొరపాటా, కట్టాలా?


విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

మీ ఉత్తరం మా ఇంట్లో ఇద్దరమూ కలిసి చదువుకున్నాం, చాలా సంతోషించాం.

పొరపాటు కాదు, కట్టాలి. స్టేట్‌మెంటు తయారైన రోజుకూ మీరు డబ్బు కట్టిన రోజుకూ మధ్య నడిచిన వడ్డీ అది. 1,85,000కు ఏడాదికి 45 శాతం చొప్పున రోజుకు 228 రూపాయలు. మీరు తొమ్మిదో రోజున కట్టి ఉంటారు. తొమ్మిది రోజులకు 2,053, జీఎస్టీ 369, మొత్తం 2,422 సరిపోతుంది. ముందే చెప్పవలసిన సంగతి, నేను రాయడం మరచాను. చాలామంది పూర్తిగా కట్టేశామన్న ధీమాతో ఆ తరువాతి బిల్లు తెరవరు, రెండు వేల రూపాయలకు ఆలస్య రుసుము పడి, రుణ చరిత్రలో ఎగవేతగా నమోదవుతుంది. నాలుగో కార్డుకూ ఇలాంటి చిన్న బిల్లు వస్తుంది, సుమారు ఆరేడు వందలు ఉండవచ్చు, చూసుకోండి.

రెండూ కట్టాక, బాకీ సున్నా అని యాప్‌లో కనబడిన రోజున కార్డు మూసివేయమని ఈమెయిలులో రాసి పంపండి, ఫోనులో మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. బాకీ లేని కార్డును ఏడు పనిదినాలలో మూసివేయాలి, ఆ తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకూ బ్యాంకు మీకు 500 రూపాయలు చెల్లించాలన్నది నిబంధన. మూసివేత సమాచారం వచ్చాక రెండు నెలలు ఆగి మీ రుణ చరిత్ర నివేదిక తెప్పించుకోండి. ఈ నివేదికలు తయారుచేసే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇస్తాయి. ఆ రెండు ఖాతాల ఎదుట 'క్లోజ్డ్' అని, బాకీ సున్నా అని ఉండాలి. అలా లేకపోతే ఇక్కడ రాయండి, దిద్దించే ఉత్తరం నమూనా పంపుతాను.